వాడు ఫోన్ చేస్తే ముందు అడిగేది ఉడుము గురించే

విజయవాడ సత్యనారాయణపురం నుంచి యాభై నాలుగేళ్ళ గృహిణి ఒకరు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సారాంశం ఇది.

ఆవిడకి ఒక కొడుకు, ఒక కూతురు. కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేసే రోజుల్లో, 2023లో, ఎవరి దగ్గరో ఒక పచ్చ రంగు ఉడుముని కొన్నాడు. న్యూగినీ అడవుల్లో చెట్ల మీద బతికే చిన్న జాతి. ఒళ్ళు జానెడుకి కాస్త ఎక్కువ, తోక దానికి రెండింతలు. పోయిన ఆగస్టులో చదువుకని కెనడా వెళ్తూ, నిలువెత్తు గాజు పెట్టెతో సహా దాన్ని తెచ్చి అమ్మ దగ్గర పెట్టాడు. "ఒక్క ఏడాది చూసుకో అమ్మా" అన్నాడు. పేరు చిట్టి.

గుడ్డు కూడా వండని ఇల్లు వాళ్ళది. ఇప్పుడు వెనక వరండాలో కీచురాళ్ళ డబ్బా ఉంది. హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్లో వస్తాయి, సగం చచ్చే వస్తాయి. మిగిలినవాటికి క్యారెట్ తురుము వేసి పెంచి, పట్టకారుతో ఒక్కొక్కటీ ఆవిడే అందిస్తారు. ఎనభై దాటిన అత్తగారు, ఉడుము చేరిన ఇల్లు పాడుబెట్టాలని రోజూ అంటున్నారు. ఎవరికైనా తెలిస్తే జైలేనని భర్త భయం. ఒక రాత్రి కొండపల్లి అడవిలో వదిలేసి వస్తానంటున్నారు. తమ్ముడి స్నేహితుడొకాయన డెబ్బై వేలిస్తాను, కాగితాలేవీ అక్కర్లేదు అన్నాడు. ఇంతలో కూతురికి ఏడో నెల. మే చివర్లో కాన్పు. ఆ జంతువు ఉన్నంతకాలం మా కోడల్ని పురిటికి పంపం అని గుంటూరులో ఉన్న వియ్యపురాలు కబురు పెట్టింది.

పది రోజులుగా చిట్టి తినడం లేదు. పొట్ట లావుగా కనిపిస్తోంది. ఎప్పుడూ పై కొమ్మ మీదే ఉండేది ఇప్పుడు కిందికి దిగి మూలల్లో గోళ్ళతో గీకుతోంది. కొడుక్కి చెబితే "ఎండలకి అలాగే ఉంటుంది" అన్నాడు. "ఎవరికైనా ఇచ్చేద్దామంటే వీడియోలో మొహం అదోలా పెట్టాడు. దీన్ని ఎవరికివ్వాలి, వాడి మనసు కష్టపెట్టకుండా ఎలా ఇవ్వాలి?" అని ఆవిడ ప్రశ్న.

*

అమ్మా, మీ ఇంట్లో అందరూ మే నెల గురించి మాట్లాడుతున్నారు. నాకు మాత్రం ఈ వారం గురించే టెన్షన్‌గా ఉంది. అందుకని ముందు ఆఖరి సంగతి చూద్దాం.

చిట్టి ఆడదో మగదో మీరు రాయలేదు. మీ అబ్బాయికీ తెలిసి ఉండకపోవచ్చు, ఈ జాతిలో పైకి చూసి చెప్పడం కష్టం. తిండి మానడం, పొట్ట పెరగడం, చెట్టు దిగి నేల గీకడం మూడూ కలిసి వచ్చాయంటే గుడ్లేమో అని అనుమానించాలి. మగ తోడు లేకపోయినా వీటికి గుడ్లు తయారవుతాయి, కాకపోతే మామూలుగా వాటిలోంచి పిల్లలు రావు. అడవిలో ఈ పచ్చ ఉడుములు చెట్ల మీద ఉండే చెదపుట్టల్ని తవ్వి, ఆ వెచ్చటి తడిమట్టిలో గుడ్లు పెడతాయి. గాజు పెట్టెలో అలాంటి చోటు దొరక్కపోతే గుడ్లు లోపలే ఆగిపోతాయి, అలా ఆగితే ప్రాణం మీదికే వస్తుంది. పురిటికి చోటు కోసం వెతుక్కుంటున్నది మీ ఇంట్లో ఒక్కరే కాకపోవచ్చు.

గుడ్లు కాకపోతే ఒంట్లో నీళ్ళు తగ్గి ఉండొచ్చు, కడుపులో పురుగులుండొచ్చు. ఇండోనేషియా నుంచి ఫామ్‌లో పుట్టినవని చెప్పి అమ్మేవాటిలో అడవిలో పట్టినవీ కలుస్తాయని ఎప్పటినుంచో ఆరోపణ ఉంది. అలాంటివి పురుగుల్ని వెంటే తెస్తాయి. ఏదైనా సరే, ఎక్స్‌రే తీస్తే సగం సంగతి తేలిపోతుంది. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. ముందు ఫోన్ చేసి, పాములనీ తాబేళ్ళనీ చూసిన అలవాటున్న డాక్టరు ఎప్పుడుంటారో కనుక్కుని వెళ్ళండి. పలచటి నూలు సంచిలో పెట్టి, సంచిని గాలి ఆడే ప్లాస్టిక్ డబ్బాలో ఉంచండి. కారులో ఏసీ గాలి నేరుగా తగలనివ్వొద్దు. డాక్టర్ని కలిసేలోపు, నర్సరీల్లో అమ్మే కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టు) మట్టి కలిపి, పిడికిట్లో పట్టి నొక్కితే ముద్దయ్యేంత తడిచేసి, మూతకి ఒక కన్నం ఉన్న డబ్బాలో జానెడు లోతు నింపి పెట్టెలో ఉంచండి. అది దాంట్లోకి దూరి తవ్వితే మీకు జవాబు దొరికినట్టే. కాగితాల భయంతో ఆసుపత్రి మానొద్దు.

ఇంకో మాట. ఎండలు ముదురుతున్నాయని దాని గదిలో ఏసీ వేస్తున్నామని రాశారు. మంచికే వేశారు, కాని ఏసీ గాలిలో తేమని లాగేస్తుంది. ఇది ఏడాది పొడుగునా వాన కురిసే అడవిది. గాలిలో తేమ డెబ్బై శాతం పైనుంటే గాని దానికి హాయిగా ఉండదు. వేళ్ళ చివర కుబుసం ఊడకుండా తెల్లగా ఉంగరంలా మిగిలిపోయిందన్నారు చూడండి, అది తేమ చాలకే. అలాగే ఉంటే ఆ ఉంగరం బిగుసుకుని రక్తం ఆడక వేలే పోతుంది. గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన గుడ్డ కాసేపు చుట్టి ఉంచి, మెల్లగా తుడవండి. లాగొద్దు. రోజుకి రెండుసార్లు చల్లే నీళ్ళని నాలుగుసార్లు చెయ్యండి. పెట్టెలో వేడి బల్బు కింద నలభై డిగ్రీలు దాటినా దానికి సుఖమే, కాని తప్పుకుని వెళ్ళడానికి ఇంకో మూల ఇరవై ఏడు, ముప్ఫై దగ్గర ఉండాలి. మన వైపు ఏప్రిల్ మధ్యాహ్నాల్లో గదే నలభైకి చేరుతుంది కాబట్టి ఆ వేళకి బల్బు ఆపేసి, వెలుగు దీపం ఒక్కటీ ఉంచండి. బెజవాడ ఎండ గురించి మీకు నేను చెప్పాలా!

ఇక జైలు సంగతి. మీవారి భయం పూర్తిగా తప్పూ కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. ఆయన మనసులో ఉన్నది మన ఊళ్ళ ఉడుము. అది వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది. పట్టినా, ఇంట్లో పెట్టుకున్నా మూడేళ్ళకి తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా జైలు, కనీసం పాతిక వేలు జరిమానా. మీ దగ్గరున్నది అది కాదు. మన ఉడుము పిల్లలకి ఒంటి మీద చుక్కలుంటాయి, ఆకుపచ్చగా ఉండవు. ముఖ్యంగా, అవి తోకతో కొమ్మని చుట్టి పట్టుకోలేవు. పట్టకారుతో పురుగు చూపిస్తే చిట్టి తోకని కొమ్మకి రెండు చుట్లు వేసి, ముందు కాళ్ళు గాల్లో ఉంచి, ఒళ్ళంతా సాగదీసి అందుకుంటుందని రాశారు. అది చదవగానే ఏ జాతో అర్థమైపోయింది. ఇంగ్లీషులో ఎమరాల్డ్ ట్రీ మానిటర్ అంటారు, 1839లో శాస్త్రజ్ఞులు పేరు పెట్టిన జాతి ఇది. న్యూగినీలో, దాని చుట్టుపక్కల దీవుల్లో ఉంటుంది.

అయితే విదేశీ జంతువు కాబట్టి చట్టం పట్టించుకోదని మీ అబ్బాయికి ఎవరో చెప్పిన మాట పాతబడిపోయింది. 2022లో చట్టాన్ని సవరించారు. అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు ఉన్న జంతువుల్ని నాలుగో షెడ్యూల్లో చేర్చారు. ఉడుము జాతులన్నీ ఆ అదుపు కిందికి వస్తాయి. అలాంటివి ఇంట్లో ఉన్నవాళ్ళు అటవీశాఖలో వన్యప్రాణుల సంగతి చూసే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి తెలిపి రిజిస్టర్ చేయించుకోవాలని 2024 ఫిబ్రవరిలో నిబంధనలు వచ్చాయి. పరివేష్ అనే ప్రభుత్వ పోర్టల్లో చెయ్యాలి. అప్పటికే దగ్గరున్నవాటికి ఆరు నెలల గడువిచ్చారు, అది ఆ ఏడాది ఆగస్టు 28తో అయిపోయింది. కొత్తగా చేతికొస్తే ముప్ఫై రోజులు. చచ్చిపోయినా, పిల్లలు పెట్టినా, చేతులు మారినా తెలపాలి. అంతకుముందు 2020 జూన్‌లో, వాళ్ళంతట వాళ్ళే ప్రకటిస్తే కాగితాలు అడగబోమని కేంద్రం ఒక అవకాశం ఇచ్చింది గాని, మీవాడు కొన్నది 2023లో కాబట్టి దానికీ మీకూ సంబంధం లేదు.

మీ అబ్బాయి దగ్గర ఉన్నది వాట్సాప్‌లో వచ్చిన ఒక బిల్లు. అందులో దిగుమతి లైసెన్సు నంబరు లేదు, జాతి పేరు లేదు, 'ఎగ్జాటిక్ పెట్, ఒకటి' అని మాత్రం ఉంది. ఇది కాగితం కిందికి రాదు. ఇంకో సంగతి, కొన్నది మీవాడే అయినా ప్రస్తుతం అది ఉన్నది మీ ఇంట్లో. ఎవరైనా వస్తే ముందు అడిగేది మిమ్మల్నే. ఈ ఒక్క వాక్యం మీ అబ్బాయికి ఎవరూ చెప్పి ఉండరు. మీరే చెప్పాలి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

కొండపల్లి సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను, ఎందుకంటే అది దారి కాదు. చైత్రం వచ్చేసరికి ఆకు రాల్చేసే ఎండు అడవి అది. ఆకుల మధ్య దాక్కుని మంచు బిందువులు నాకి బతికే ప్రాణికి అక్కడ నీడే దొరకదు. ఏ గద్దో తీసుకెళ్తుంది, లేకపోతే ఎండకే పోతుంది. ఒకవేళ దాని రోగాలూ పురుగులూ మన ఉడుములకి అంటితే అది ఇంకో పాపం. మీవారు మీకు చెప్పిన సామెత, ఉడుము పోయినా చెయ్యి దక్కితే చాలన్నది, నిజమే. కాని ఆ సామెత పుట్టలో చెయ్యి పెట్టినవాడిది. చెయ్యి పెట్టింది మీవాడు, ఇరుక్కున్నది మీ చెయ్యి. మీవారికి చెయ్యి అంటే పరువు. మీకు చెయ్యి అంటే కొడుకు. అందుకే ఇద్దరూ ఒకే సామెత అంటూ వాదించుకుంటున్నారు.

డెబ్బై వేల ఆయన. కాగితాలక్కర్లేదు అన్నవాడు మంచితనంతో అనడం లేదమ్మా. రేపు ఆయన దగ్గర అది దొరికితే, ఎవరిచ్చారంటే మీ తమ్ముడి పేరు, తర్వాత మీ పేరు వస్తాయి. ఊరికే ఇచ్చినా పోయేది ఎక్కడికో తెలియదు, డబ్బు తీసుకుంటే అది అమ్మకం అవుతుంది. నిజంగా పెంచే అనుభవం ఉండి, తన దగ్గరున్నవాటికి రిజిస్ట్రేషన్ చూపించగలిగినవాళ్ళు ఉంటారు. వాళ్ళ చేతికివ్వడం చిట్టికి అన్నిటికన్నా మేలు కావచ్చు. కాని ముందు మీ వైపు కాగితం సరిగ్గా ఉంటే గాని వాళ్ళు ముట్టుకోరు. ముట్టుకుంటామంటే వాళ్ళనే అనుమానించాలి.

అటవీశాఖకి అప్పగించడం మూడోది. మీరు దీన్ని ఊహించుకునే భయపడుతున్నారు గాని, మీ అంతట మీరు వెళ్ళడానికీ ఎవరో చెబితే వాళ్ళు రావడానికీ చాలా తేడా ఉంది. అలాగని నేరుగా వెళ్ళి కౌంటర్లో డబ్బా పెట్టమని నేను చెప్పను. వన్యప్రాణి కేసులు చూసిన లాయరుతో ఒక గంట మాట్లాడి, గడువు దాటిన రిజిస్ట్రేషన్ గురించీ అప్పగింత గురించీ రెండూ అడిగి, మీ అబ్బాయి ఎప్పుడు ఎవరి దగ్గర ఎంతకి కొన్నాడో రాతపూర్వకంగా తెప్పించుకుని వెళ్ళండి. దీని తర్వాత ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. ప్రశ్నలు అడుగుతారు, బహుశా మీవాడిని కూడా. చిట్టిని జూకి పంపవచ్చు. అక్కడ దాన్ని మీలా పట్టకారుతో తినిపించేవాళ్ళు ఉంటారని నేను హామీ ఇవ్వలేను. మళ్ళీ తిరిగి రాదు. ఇవన్నీ ఒప్పుకోగలిగితే, రాత్రిపూట గేటు చప్పుడైతే గుండె దడ దడమనడం మాత్రం ఆగుతుంది.

నాలుగోది, మీ దగ్గరే ఉంచుకోవడం. మీ ఉత్తరం మూడోసారి చదివాక ఇది కూడా రాయాలనిపించింది. "వదిలించుకోవాలి" అని ఆరుసార్లు రాశారు. కాని సాయంత్రం మీరు పూలమాల కడుతుంటే అది గాజుకి దగ్గరగా వచ్చి, తల ఒక పక్కకి వంచి మీ వేళ్ళనే చూస్తుందని రాసిన చోట మీ చేతిరాత మారింది, అక్షరాలు గుండ్రంగా అయ్యాయి. ఈ ప్రాణులు చుట్టూ జరిగేది గమనిస్తాయి, తిండి పెట్టే మనిషిని గుర్తుపడతాయి. మీకు అది బరువు ఒక్కటే కాదు. కాదని అత్తగారి ముందు ఒప్పుకోవడం మీకు కష్టం, అంతే.

ఉంచుకుంటే దానికయ్యేది లెక్క వేసుకోండి. బాగా చూసుకుంటే ఇది పదేళ్ళు దాటి బతుకుతుంది. ఒక్క ఏడాది అన్నది మీవాడి లెక్క. చదువే రెండేళ్ళు, ఆపైన ఉద్యోగం, వీసా. కెనడా నుంచి ఎవరూ ఒక ఏడాదికి తిరిగి రారని మీకూ తెలుసు, వాడికీ తెలుసు. రోహిణి కార్తెలో కరెంటు పోతే దానికి ఇన్వర్టర్ కావాలి. పురుగులు తప్పకుండా దొరకాలి. వాటి మీద క్యాల్షియం పొడి చల్లాలి. సంవత్సరానికి రెండుసార్లయినా డాక్టరు చూడాలి. మీ మోకాళ్ళతో మేడ మీదికి రోజుకి ఎన్నిసార్లు ఎక్కగలరో అది మీరే చెప్పాలి. మోకాళ్ళ గురించి ఎనిమిది పేజీల్లో ఒక్క వాక్యమే రాశారు, నేను గమనించాను.

ఇప్పుడు వియ్యపురాలి మాట. కారణం ఏం చెప్పినా, ఆవిడ కోరింది అన్యాయం కాదు. మీ అత్తగారి అరిష్టం సంగతి పక్కన పెట్టండి. బల్లులూ తాబేళ్ళూ ఉడుములూ పైకి ఆరోగ్యంగా ఉన్నా వాటి పేగుల్లో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. పెట్టె కడిగిన నీళ్ళలో, నీళ్ళ గిన్నెలో, చేతుల మీద వస్తుంది. పెద్దవాళ్ళకి రెండు రోజుల విరేచనాలతో పోయేది పసిపిల్లలకి ప్రమాదం. ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో సరీసృపాలు వద్దని వైద్యులు చెప్పేది అందుకే. బాలింతకీ బిడ్డకీ స్నానం చేయించే చేతులూ ఆ పెట్టె కడిగే చేతులూ ఒకటే కాకూడదు. ఇప్పుడు మీ ఇంట్లో రెండూ మీవే. మేడ మీద గదిలో పెట్టి, దానికి వేరే బకెట్, వేరే గుడ్డలు పెట్టి, ఆ మూడు నెలలూ మీవారు చూసుకుంటానంటే కొంత నయం. ఆయన దాన్ని ముట్టుకోరని మీరే రాశారు. అది ఆయనతో తేల్చుకోవాలి. లేదంటే కాన్పుకి మీరే గుంటూరు వెళ్ళి ఒక నెల అక్కడుండొచ్చు. గంటన్నర దూరం. వియ్యపురాలు ఒప్పుకుంటుందో లేదో గాని, అడిగితే మీ మాట నిలబడుతుంది. అప్పుడైనా ఇక్కడ చిట్టిని చూసేదెవరన్న ప్రశ్న అలాగే ఉంటుంది. నన్నడిగితే, కాన్పు అయ్యేనాటికి అది మీ ఇంట్లో లేకుండా చూసుకోవడమే సుఖం. ఎలా లేకుండా అన్నది మాత్రం, రిజిస్ట్రేషన్ ఉన్న పెంపకందారుకి ఇవ్వడమో అటవీశాఖకి అప్పగించడమో కావాలి, కొండపల్లి కాదు.

చివరికి మీ అబ్బాయి. వాడి మనసు కష్టపెట్టకుండా ఎలా అని అడిగారు. అమ్మా, కొంచెం కష్టపడనివ్వండి. "నా దగ్గర ఉన్నది అదొక్కటే" అన్నాడట. అక్కడ ఒంటరిగా ఉన్నాడని అర్థమవుతోంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కాని వాడి దగ్గర ఉన్నది కాదు అది. మీ దగ్గర ఉన్నది. ఫోన్ చేస్తే ముందు చిట్టి గురించే అడుగుతాడని మీరు బాధపడ్డారు. వాడికి తన తప్పు గుర్తుందేమో, అందుకే ముందు అదే అడుగుతున్నాడేమో. తెలియదు. అడిగి చూడండి.

ఈసారి వీడియో కాల్లో దాన్ని చూపించకండి. మీరొక్కరే కూర్చోండి. ఏం చెయ్యమంటావురా అని అడగొద్దు, ఆ ప్రశ్నకి వాడు 'కొంచెం ఓపిక పట్టు' అంటాడు. పనులు చెప్పండి. కొన్నవాడి పేరు, డబ్బు పంపిన రుజువు, ఆ మెసేజీలు అన్నీ రెండు రోజుల్లో పంపమనండి. లాయరు ఫీజు, డాక్టరు ఖర్చు వాడే కట్టాలి. రిజిస్ట్రేషన్ ఉన్న పెంపకందారుల్ని వెతకడం వాడి పని, వాడికి ఆ మనుషులు తెలుసు, మీకు తెలియదు. ఏప్రిల్ పదిహేను దాటితే మీరు లాయరు చెప్పిన ప్రకారం అప్పగిస్తారని ముందే చెప్పండి. చెప్పాక ఆ తేదీ మార్చకండి. వాడు రెండు రోజులు అలుగుతాడు. బెంగళూరు వెళ్ళిన కొత్తలో అన్నం సరిగ్గా తింటున్నావా అని రోజూ అడుగుతున్నానని వారం పాటు ఫోన్ ఎత్తలేదని మీరే రాశారుగా, ఆ తర్వాత మాట్లాడాడు కదా.

ఇవన్నీ ఆదివారం మాట్లాడుకోవచ్చు. గన్నవరం మాత్రం ఆదివారం దాకా ఆగొద్దు. ఎక్స్‌రేలో ఏం కనిపించిందో రెండు ముక్కలు రాసి పంపండి. గుడ్లేనంటే, పెట్టిన తర్వాత దానికి ఏం తినిపించాలో, మట్టి డబ్బా ఎప్పుడు తియ్యాలో డాక్టరు దగ్గర అడిగి రాసుకుని రండి. ఆ హడావుడిలో కీచురాళ్ళ డబ్బాలో తడి దూది మార్చడం మర్చిపోవద్దు, ఈ ఎండకి అవి ఒక్క పూటలో పోతాయి.